గంటకోసారి నా నాలుక చూసిన డాక్టరమ్మ

చింతామణి టమాటా మార్కెట్టులో ఆ రోజు పొద్దున ధర పిలుస్తూ ఉంటే నాలుక ఎడమ అంచు చురుక్కుమంది. నేను అక్కడ వేలం పాడేవాణ్ణి. బీకాం చదివి అరిచే ఉద్యోగం ఏమిటని కొందరు అడిగేవారు. చదవకపోయి ఉంటే ఇంకా గట్టిగా అరవాల్సి వచ్చేదని చెప్పేవాణ్ణి. మధ్యాహ్నం సంగటిలోకి ఊరుబిండి నంజుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కారం ఎక్కువైపోయిందా?" అంది నా భార్య సుజాత.

"లేదు, ఆనందబాష్పాలు" అన్నాను.

నాలుక అంచున లేచిన ఆ పుండు మీద ఇలాంటి జోకులు వేసుకుంటూ రెండు నెలలు గడిపాను. దవడలో కడ్డిపుడి, అంటే నమిలే పొగాకు, పెట్టుకునే అలవాటు నాకు పద్దెనిమిదేళ్ళుగా ఉంది. కాబట్టి ఏం చెబుతాడోనని డాక్టరును కలవడానికి తొందరపడలేదు.

చివరికి మా ఊరి పళ్ళ డాక్టరు నోట్లో టార్చి వేసి చూసి, "ఇది పన్ను గీరుకున్న పుండు కాదప్పా. బయాప్సీ చేయించు" అన్నాడు. రిపోర్టులో స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చింది. పుండున్న నాలుకతో పలకడానికి కొంచెం కష్టమైన పేరు.

బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. ఎమ్మారై, సీటీ స్కాను అయ్యాక సీనియర్ సర్జన్ తేల్చి చెప్పారు. నాలుకలో ఎడమ సగం తీసేయాలి, మెడలో గడ్డలు తీయాలి, ఎడమ ముంజేతి నుంచి చర్మాన్ని రక్తనాళాలతో సహా తెచ్చి నాలుకకు అతకాలి. దాన్ని ఫ్రీ ఫ్లాప్ అంటారట.

"మాట వస్తుందా సార్?"

"ఫ్లాప్ బతికితే వస్తుంది. చచ్చిపోతే మళ్ళీ మొదటికి. వేలం సంగతి మాత్రం నేను హామీ ఇవ్వలేను."

ఆయన పక్కన ఒక అమ్మాయి నిలబడి నోట్సు రాసుకుంటోంది. పేరు శ్రావణి, రాజమండ్రి వైపు మనిషి. ఎంబీబీఎస్, ఎమ్మెస్, క్యాన్సర్ సర్జరీలో ఎంసీహెచ్ అన్నీ అయిపోయి, ఇప్పుడు తల, మెడ క్యాన్సర్లలోనే రెండేళ్ళ ఫెలోషిప్ చేస్తోంది. కాలేజీలో చేరి పదమూడేళ్ళు దాటిందట. మా బంధువుల్లో అన్నేళ్ళు కాలేజీలో ఉన్నవాడంటే సప్లిమెంటరీలు రాస్తున్నవాడే.

మా అక్క గంగమ్మకు ఈ సంగతి నచ్చలేదు. ఆమెది మురుగమల్ల పక్క పల్లె. నన్ను పెంచింది ఆమే.

"ఈ యమ్మ ఇంకా చదువుకుంటానే ఉండాదా? నేర్చుకునేదానికి మా తమ్ముడి నాలికే దొరికిందా? పెద్దాయనే చెయ్యాల, ఆ పాప చెయ్యి పెట్టగూడదు" అని సీనియర్ ముందే తేల్చేసింది.

ఆయన కోప్పడలేదు. "నేనుంటానమ్మా. కానీ అగ్గిపుల్ల మందం కూడా ఉండని సిరను మైక్రోస్కోప్ కింద కుట్టాలి. ఆమెకు ట్రైనింగ్ ఇస్తున్నదే ఆ పనికి. తర్వాత గంటకోసారి వచ్చి ఫ్లాప్ చూడాల్సిందీ ఆమే."

అక్క నా వైపు చూసి, "చూస్తివా, నిన్ను పలక చేసినారు" అంది.

ఆపరేషన్‌కు ముందు రోజు శ్రావణి నా దగ్గర కూర్చుంది. "మీకో ముఖ్యమైన విషయం చెప్పాలండి. మీ మెడ చుట్టూ ఏదీ ఉండకూడదు. గొలుసు, తువ్వాలు, తాయెత్తు, ఏదీ. ఊపిరి కోసం పెట్టే ట్యూబును కూడా మేం తాడుతో కట్టం, చర్మానికే కుడతాం. సిర కొంచెం నొక్కుకున్నా చాలు, ఫ్లాప్‌లోకి వెళ్ళిన రక్తం వెనక్కి రాదు. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పండి."

ఆమె వెళ్ళాక సుజాత వచ్చి, "ఏం చెప్పింది డాక్టరమ్మ?" అని అడిగింది.

"నగలు పెట్టుకోవద్దంట. ఏడువారాల నగలూ ఇంటికి పంపించెయ్" అన్నాను. సుజాత నవ్వింది. నాకూ తృప్తిగా అనిపించింది. ఆ విషయం అక్కడితో ముగిసింది.

ఆపరేషన్ పది గంటలు పట్టిందట. మెలకువ వచ్చేసరికి తలకు అటూ ఇటూ ఇసుక సంచులు ఉన్నాయి, తల తిప్పకూడదు. గొంతులో ట్యూబు, గొంతు నుంచి శబ్దం రాదు. ముక్కులో పైపు. ఎడమ చేతికి కట్టు, కుడి చేతికి డ్రిప్పు. మార్కెట్టు ఆ చివరికి వినిపించే మనిషికి మిగిలింది ఒక పలక, ఒక బలపం. చూడటానికి మాత్రం సీలింగు మొత్తం నాదే.

శ్రావణి గంటకోసారి వచ్చి, నోట్లో టార్చి వేసి, ఫ్లాప్‌ను సూదితో చిన్నగా గుచ్చి, రక్తం రంగు చూసేది. "ఎర్రగా ఉందండి. బాగుంది." రెండు రోజుల తర్వాత రెండు గంటలకోసారి వచ్చేది.

మూడో రోజు పొద్దున సుజాత మందులకు కిందికి వెళ్ళింది. అక్క వచ్చింది. కొంగు ముడి విప్పి మురుగమల్ల దర్గా దారం తీసింది. మా వైపు ఏ కష్టం వచ్చినా ఆ దారం రావాల్సిందే. నాకూ చిన్నప్పటి నుంచీ మెడలోనే కట్టేది.

"ఇంక నీకేం భయం లేదు నాయనా" అంటూ ట్యూబుకు పైగా మెడ చుట్టూ తిప్పి, ఊడిపోకుండా గట్టిగా ముడి వేసింది.

నేను పలక కోసం చూశాను. అడ్డమని ఆమె దాన్ని మంచం కిందికి తోసేసింది. చెయ్యి ఎత్తి దారం లాగబోయాను. "సూది ఉండాది, చెయ్యి కదిలించగాకు!" అని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. కాలితో మంచం తన్నాను. "నొప్పి తీస్తాండాదేమోనప్పా" అని కాళ్ళు ఒత్తడం మొదలుపెట్టింది. నన్ను ఇంత ప్రేమగా ఎవరూ కట్టిపడేయలేదు. విజిటర్ల టైము అయిపోయి ఆమె వెళ్ళింది, సుజాతనూ ఇక లోపలికి రానివ్వరు. ముడి వెతికాను. ఒంటి చేత్తో, అదీ సూది ఉన్న చేత్తో, విప్పలేకపోయాను. బెల్లు కట్టు కట్టిన చేతివైపు ఉంది. నోట్లో ఏదో ఉబ్బుతున్నట్టు అనిపించింది. తలుపు వైపు తిరగలేను కాబట్టి సీలింగునే చూస్తూ, అడుగుల చప్పుడు వింటూ పడుకున్నాను.

శ్రావణి వచ్చి టార్చి వేసింది. సూదితో గుచ్చింది. "నల్లగా వస్తోందండి" అంది. గౌను కాలరు తొలగించి దారం చూసి, కత్తెరతో తెగ్గొట్టింది.

"ఎంతసేపయింది?"

గంట అన్నట్టు ఒక వేలు చూపించాను.

ఆమె ఓటీకి ఫోను చేస్తుంటే సుజాత, అక్క ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. "సిరలో రక్తం గడ్డకట్టింది. మళ్ళీ తెరిచి కుట్టాలి, ఇప్పుడే" అంది శ్రావణి.

"పెద్దాయన రాడా?" అంది అక్క.

"వేరే ఆపరేషన్ మధ్యలో ఉన్నారమ్మా. ఫోన్లో చెప్పాను, నన్ను మొదలుపెట్టమన్నారు. ఆయన కోసం ఆగితే ఫ్లాప్ పోతుంది."

నేను అక్క మొహం చూడలేకపోయాను, తల తిరగదు కదా. గొంతు మాత్రం వినిపించింది. "అట్లయితే నువ్వే చెయ్యి తల్లీ. బిరీన చెయ్యి."

శ్రావణి మెడ మళ్ళీ తెరిచి, గడ్డ తీసి, సిరను కొత్తగా కుట్టింది. ఫ్లాప్ బతికింది.

రెండు రోజులు అక్క నా దగ్గరికి రాకుండా వరండాలోనే కూర్చుందట. సుజాతతో పిలిపించి, పలక మీద రాశాను. అక్కకు చదువు రాదు, సుజాత చదివింది: "తప్పు నాది. డాక్టరమ్మ ముందే చెప్పింది. నేనే మీకు చెప్పలేదు."

అక్క మంచం దగ్గరికి వచ్చింది. "అంత నోరు పెట్టుకుని, ఆ ఒక్క మాట చెప్పలేకపోయినావా రా!"



తర్వాత ముప్పై రోజులు రేడియేషన్. మొహానికి మాస్కు వేసి బల్లకు బిగించేవారు. నాలుగు నెలల స్పీచ్ థెరపీలో 'ల' వచ్చింది, 'ర' సగం వచ్చింది. ఇప్పటికి రెండేళ్ళయింది. వేలం పాడటం లేదు. అదే మార్కెట్టులో వేలానికి వచ్చిన సరుకు లాట్లు చూసి రాసే పని చేస్తున్నాను. మాట్లాడితే తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది, తెలియనివాళ్ళు మర్యాదగా తల ఊపుతారు. కడ్డిపుడి మానేశాను. మూడు నెలలకోసారి చెకప్. శ్రావణి ఫెలోషిప్ ముగించుకుని వాళ్ళ ఊరి వైపు ఆసుపత్రిలో చేరిందట.

నేను చెప్పగలిగింది ఒకటే. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ చెప్పే జాగ్రత్తలు ఒంటరిగా వినకండి. మిమ్మల్ని చూడటానికి రాబోయేవాళ్ళలో అందరికంటే ఎక్కువ ప్రేమ ఉన్నవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. విన్నది వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకోండి.