సూదిబెజ్జం గుమ్మం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను తగరపువలస ప్రాంతానికి పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకుడిగా వేశారు. సర్వీసులో అదే ఆఖరి పోస్టింగు. మా శాఖలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరినవాడు ఈ మెట్టు ఎక్కేసరికి జుట్టు నెరిసిపోతుంది. పెద్ద అధికారాలేమీ ఉండవు గానీ, ఒక జంతువు పనికి తగినదా కాదా అని రాసివ్వాల్సింది మాత్రం మేమే.

మా చెల్లెలి భర్త దానియేలు స్టీల్‌ప్లాంటులో రిటైరయి, హైవే పక్కన తన స్థలంలో బైబిలు జంతువుల తోట పెట్టాడు. గొర్రెలు, మేకలు, పావురాలు, ఒక గాడిద. బైబిల్లో దానియేలును సింహాల గుహలో పడేస్తారు కదా, తన పేరుకు తగ్గట్టు సింహాన్ని కూడా తెద్దామా అని నన్నడిగాడు. తెస్తే గుహలోకి కాదు, నేరుగా జైల్లోకి పోతావని చెప్పాను. చివరికి బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే ఒంటెనొకదాన్ని కొన్నాడు. అది వచ్చాక తోటకు జనం పెరిగారు.

కొన్నాళ్లకు ఒంటె మోకాళ్లు పుండ్లు పడ్డాయని ఫోటోలు పంపాడు. ఇసుకలో కూర్చునే జంతువు కాబట్టి ఒంటె మోకాళ్ల మీద చర్మం మందంగా ఉంటుంది. గట్టి నేల మీద అది చిట్లుతుంది. ఇంటి మనిషే కదా అని ఫోన్‌లోనే కడిగే మందు, పూతమందు చెప్పి, కట్టు కట్టమన్నాను. తగ్గేది, మళ్లీ వచ్చేది. మన ఉక్కపోతకు పుండ్లు అంత తొందరగా ఎక్కడ మానతాయిలే అని సరిపెట్టుకున్నాను. అదే బయటివాళ్ల గేదె అయితే రెండోసారికే వెళ్లి చూసేవాణ్ని. ఏం డాక్టర్నండీ నేను!

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘం సండేస్కూలు పిల్లలతో పాటు నేనూ తోటకు వెళ్లాను. మధ్యలో సిమెంటు గుమ్మం ఒకటి కట్టి ఉంది. నా తల ఎత్తు కూడా లేదు. పైన రంగుల్లో ‘సూదిబెజ్జం’ అని రాశారు. ధనవంతుడు పరలోకం చేరడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులువన్న బైబిలు మాటను వివరిస్తూ, యెరూషలేములో ఆ పేరుతో చిన్న ద్వారం ఉండేదనీ, ఒంటె బరువు దించి మోకరిస్తే గానీ దాటలేకపోయేదనీ మా ప్రసంగాల్లో చెబుతుంటారు. దానియేలు ఆ ప్రసంగాన్ని సిమెంటుతో కట్టేశాడు.

ఒంటెను తెచ్చారు. ముక్కుతాడు లాగగానే మూలుగుతూ మోకాళ్ల మీద వాలి, సిమెంటు మీద దేకుతూ గుమ్మం దాటింది. నేను కట్టమన్న తెల్లటి కట్లు ఎర్రబడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. దానియేలు మైకు అందుకున్నాడు.

"మా డాక్టరు బావగారు ఇక్కడే ఉన్నారండి! ఆయన మందులిత్తన్నారు కాబట్టే ఇది రోజూ ఇలా మోకరిత్తంది. ఏటి బావా, అలా నిలబడిపోనావు? ముందుకు రా!"

జనం నా వైపు తిరిగి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు.

మైకు ఆపించి, కట్లు విప్పి చూశాను. పుండు కీలు దాకా దిగబోతోంది. కీలులో చీము చేరితే ఒంటె లేవదు, లేవని ఒంటె బతకదు. ఈ ఆట ఇక ఆపెయ్యమన్నాను.

"ఆపీమంటే ఎలా బావా? జనం దీన్ని సూడ్డానికే కదా వత్తన్నారు," అన్నాడు దానియేలు గొంతు తగ్గించి. "అయినా ఇన్నాళ్లూ నువ్వు ఒక్కసారైనా అడిగినావేటి, ఎందుకిలా అవుతందని?"

సోమవారం ఆఫీసు తెరవగానే, ఈ జంతువు పనికి తగదని రాసిచ్చాను. అనుమతి లేకుండా జంతువులతో ప్రదర్శనలు చేయించకూడదని కూడా అందులో చేర్చాను. చెల్లెలు నాతో మాట్లాడటం మానేసింది. దానియేలు మాత్రం గుమ్మం పడగొట్టించి, అక్కడంతా ఇసుక పోయించాడు. ఈసారి కట్టు మార్చడానికి రోజూ నేనే వెళ్లాను.

పుండు మానాక జంతువును నడిపించి, కుంటుతోందేమో చూడటం పద్ధతి. దానియేలు తాడు వదులుగా పట్టుకుని ముందు నడిచాడు. ఒంటె చక్కగా నడుస్తోంది. హమ్మయ్య అనుకున్నాను. గుమ్మం ఉన్న చోటికి రాగానే ఆగింది. తాడు ఎవరూ లాగలేదు. మూలుగుతూ మోకాళ్ల మీద వాలి, మెడ దించుకుని, ఇసుకలో దేకుతూ అవతలికి వెళ్లి లేచింది.

జాలరిపేట నుంచి పిల్లలతో వచ్చిన ఒకామె, "అయ్యో పాపం, ఇంకా ఉందనుకుంటంది కాబోల," అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"దీనికి మందేటైనా ఉందా బావా?" అని దానియేలు అడిగాడు. లేదన్నాను. అతని మొహంలోకి చూడలేకపోయాను.

మందు రాసేముందు ఆ జంతువు చేత ఏం పని చేయిస్తున్నారో అడగాలి. మాకు కాలేజీలో మొదట్లోనే చెప్పే మాట ఇది. నేను రిటైరయ్యే ముందు నేర్చుకున్నాను.