కువైట్ కారు కుడి సీటు

1996 వేసవి. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మొదట్లో నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. షాపంటే ఒక రేకుల షెడ్డు, ఒక బ్యాటరీ ఛార్జరు, గోడకు వేలాడే వైర్ల చుట్టలు, అంతే. ఇంజను, గేరుబాక్సు మెకానిక్ చూసుకుంటాడు. బండిలో వెలిగేదీ మోగేదీ ఏదైనా సరే, లైట్లు, హారను, సెల్ఫ్ మోటారు, డైనమో, అది మా పని. లారీల వాళ్లు నన్ను కరెంటు రమణప్ప అనేవారు. ఆ పేరు వింటే నాకు లోపల గర్వంగానే ఉండేది. బండికి ఏది లేకపోతే అది నేను బిగిస్తానని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి కూడా.

మే నెలలో ఒక పొద్దున షాపు ముందు పడవంత తెల్లకారు వచ్చి ఆగింది. డ్రైవరు దిగుతాడని కుడి తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. ఎవరూ దిగలేదు. ఎడమ తలుపు తెరుచుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్న యాభై ఏళ్ల మనిషి దిగాడు. పేరు గంగులప్ప. పెద్దపంజాణి దగ్గర పల్లె. పదహారేళ్లు కువైట్‌లో ఒక పెద్దాయన ఇంట్లో డ్రైవరుగా పనిచేసి, ఇక చాలనుకుని వచ్చేశాడు. ఆ పెద్దాయన తన పాత అమెరికా కారును ముందే ఇతని పేరిట రాసిచ్చి, ఓడెక్కించి పంపాడు.

"మద్రాసు పోర్టులో దించుకోని వచ్చినానప్పా. టెంపరరీ నంబరు నెల దినాలే. అప్పుడే పది దినాలు పోయినాయి," అన్నాడు గంగులప్ప. "బ్రేకు ఇన్‌స్పెక్టరు సూసి, ఎనకాల ఇండికేటర్లు ఎర్రగా ఉండాయి, హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాని కండ్లల్లో కొడతాండాయి, సరిచేయించుకోని రాపో అన్నాడు."

మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరును మా వైపు బ్రేకు ఇన్‌స్పెక్టరు అనే అంటారు. బండి రోడ్డుకు పనికొస్తుందని ఆయన సంతకం పెట్టడం పాసింగు. పాసింగు అయితేనే పక్కా నంబరు వస్తుంది. ఎడమ స్టీరింగు బండి మన రోడ్డు మీద తిరగకూడదని అప్పట్లో రూలేమీ లేదు. ఎటు తిరగబోతోందో అందరికీ తెలిసేలా సిగ్నళ్లు సరిగ్గా ఉండాలి, అంతే. కానీ గడువులోగా పాసింగు కాకపోతే ఆ కారు షెడ్డు దాటకూడదు. కొన్నేళ్ల వరకు అమ్మకూడదని కస్టమ్స్ వాళ్ల షరతు కూడా ఉంది.

"ఇంత తంటా యాలన్నా? ఈడ మంచి కార్లు దొరకవా?" అన్నాను.

ఆయన కారు లోపలికి చూస్తూ చెప్పాడు. "పదహారేండ్లు ఇదే తోలితి. ఎనక సీట్లో మేడము, పిల్లోళ్లు. నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీనే. దాన్ని సూసినప్పుడంతా మా రెడ్డెమ్మ ఆడ కూసుంటే ఎట్లుంటాదో అనుకుంటా ఉంటి. రెండేండ్లకొక తూరి ఇంటికి వస్తే నెల దినాలుండి పోతి. ఆయమ్మను ఒక దినమన్నా యాడికీ తీసుకుపోలేదప్పా."

ఆ మాటతో ఆ కారు మీద నాకు అభిమానం పుట్టింది. ఆ మనిషి మీద కూడా.

రెండు రోజుల తర్వాత రెడ్డెమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. మాసిన నీలం చీర, ఎండకు కమిలిన ముఖం, పొదుపైన మాట. ఆమె కూర్చున్నది ముందు సీట్లో కాదు, వెనక సీట్లో, కుడి తలుపుకు ఆనుకుని. బెంగళూరు నుంచి తెప్పించిన టీ పొడి గొప్పలు చెప్పుకుంటూ నేను టీ ఇచ్చాను.

"బండి బాగుండాదా వదినా?" అని అడిగాను.

"బాగనే ఉండాది. నాకి యాలప్పా ఇంత బండి? ఊర్లోకి బస్సు వస్తాది కదా," అంది.

గంగులప్ప తల వంచుకుని టీ తాగాడు. అప్పుడు నాకు అర్థమైంది. పదహారేళ్లలో వీళ్లిద్దరూ కలిసి గడిపిన రోజులు లెక్కేస్తే ఏడాది కూడా కాదు. కొత్తగా పెళ్లైన జంటైనా ఇంతకంటే చనువుగా ఉంటారు.

ఇక నా పని. అమెరికా బండ్లలో వెనక బ్రేకు లైటే ఇండికేటరుగా కూడా మినుకుతుంది. ఒకటే బల్బు, ఒకటే ఎర్ర అద్దం. మన రూలు ప్రకారం ఇండికేటరు వేరుగా, నారింజ రంగులో ఉండాలి. రెండు వైర్లను విడదీసి, బంపరు కింద కొత్త లైట్లు బిగించాను. హెడ్‌లైట్ల పని దానికంటే కష్టం. ఎదురుగా బండి వచ్చినప్పుడు వెలుగును కిందికి దించడాన్ని డిప్ అంటారు. డిప్ చేసినప్పుడు ఆ వెలుగు కాస్త రోడ్డు అంచు వైపు వాలుతుంది. కువైట్‌లో బండ్లు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి ఈ కారు వెలుగు కుడికి వాలేది. మన రోడ్డు మీద కుడి పక్కన ఉండేది ఎదురొచ్చేవాడు. అదే కొలతలో ఎడమకు వాలే లైట్ల కోసం బెంగళూరు గుజరీలో, అంటే పాత సామాన్ల బజారులో, రెండు రోజులు తిరిగి పట్టుకొచ్చాను. పొద్దుగూకేటప్పుడు షాపు ఎదుటి సున్నపు గోడ మీద సుద్దతో గీత గీసి, వెలుగు ఆ గీత దాటకుండా మరలు తిప్పి నిలబెట్టాను. వెనకాల 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని ఎర్రక్షరాలతో రాయించాను.

చివరగా కుడి వైపు ముందు మడ్‌గార్డు మీద ఒక పెద్ద గుండ్రటి అద్దం బిగించాను. "దీంట్లో సూసుకోని ఓవర్‌టేక్ చెయ్యన్నా. ఇంక నీకి అడ్డమే లేదు," అని భరోసా ఇచ్చాను. ఆ అద్దంలో వెనక వచ్చే బండి కనపడుతుంది గానీ ముందు లారీకి అవతల ఏముందో కనపడదన్న సంగతి, నిజం చెప్పొద్దూ, నాకు తట్టనే లేదు.

ఇన్‌స్పెక్టరు నెల్లూరు వైపు మనిషి. ముక్కుసూటి మనిషని పేరు. లైట్లన్నీ చూసి తల ఊపాడు. తర్వాత కుడి సీట్లో కూర్చుని, బండి తోలి చూపించమన్నాడు. నేను వెనక కూర్చున్నాను. ఊరు దాటాక ముందు ఒక టమాటా లారీ. ఎడమ పక్క కూర్చున్న గంగులప్పకు ఆ లారీ వెనక చెక్క తప్ప ఇంకేమీ కనపడటం లేదు. కొంతదూరం ఓపిక పట్టి, హారను కొట్టి, బయటికి తీశాడు. ఎదురుగా బస్సు. ఇన్‌స్పెక్టరు అక్కడ లేని బ్రేకును కాలితో తొక్కేశాడు. గంగులప్ప బండిని చివరి క్షణంలో లారీ వెనక్కి లాక్కున్నాడు.

దిగాక ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. "లైట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆయనకి రోడ్డే కనపడటం లేదు. ఇలాంటి బండికి నేనెట్లా సంతకం పెట్టేది? గడువు ఇంకా ఎనిమిది రోజులుంది, ఏదైనా దారి ఉంటే చూసుకుని రండి," అన్నాడు.

షాపుకు వచ్చాక గంగులప్ప, "పదహారేండ్లలో బండికి ఒక గీత పడనీలేదప్పా. ఈ పొద్దు ముగ్గురు మనుసుల్ని సంపేసేటోణ్ణి," అన్నాడు. కారు తాళంచెవి చేతిలోకి తీసుకుని, "ఇంటికి తోలుకపోయి పట్ట కప్పేస్తా. ఇంక దాని ఊసే వద్దు," అన్నాడు. ఆ రోజు కూడా వెంట వచ్చి షాపు బెంచీ మీద కూర్చున్న రెడ్డెమ్మ అంతా విని, వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

తప్పు నాది కూడా. అందుకే షాపు మూసి, వాళ్లను ఊరు చేర్చి వస్తానని ముందు ఎక్కాను. పుంగనూరు దాటేవరకు సాఫీగానే సాగింది. తర్వాత ముందు గడ్డి ట్రాక్టరు. గంగులప్ప దాని వెనకే నడక వేగంతో నడిపిస్తున్నాడు. ఎంతసేపైనా బయటికి తియ్యడు. వెనక కార్ల వాళ్లు తిట్టుకుంటూ దాటిపోతున్నారు.

"ఇప్పుడు పో," అంది రెడ్డెమ్మ వెనక నుంచి.

ఆయన పోలేదు.

"పో అంటాండా కదా. దావ ఖాళీగా ఉండాది."

ఆయన బయటికి తీసి, ట్రాక్టరును దాటేశాడు. రోడ్డు నిజంగానే ఖాళీ. కొంతదూరం పోయాక ఒక లారీ. "ఉండు," అంది ఆమె. ఎదురుగా జీపు వెళ్లిపోయింది. "ఊ, పో." దాటేశాం. ఇంకో రెండు బండ్లను కూడా అట్లాగే దాటాం. కుడి పక్కన కూర్చున్న నేను రెండుసార్లు పోవచ్చని అనుకున్నప్పుడు ఆమె ఉండు అంది. రెండుసార్లూ ఆమె మాటే సరైంది.

"నీకెట్లా తెలుస్తాది వదినా?" అని అడిగాను.

"పన్నెండేండ్లు టమాటా గంపలేసుకోని ఈ దావలోనే ఎద్దుల బండి తోలితినప్పా. ఎద్దుల్ని పక్కకు తిప్పితే మళ్లీ దావలోకి తెచ్చేదానికి శానా సేపు పడతాది. ఎదురొచ్చే బస్సు మన కాడికి ఎంతసేపట్లో వస్తాదో సూసుకోకపోతే బతికేదెట్లా?"

గంగులప్ప బండిని రోడ్డు పక్కన ఆపాడు. స్టీరింగు మీద చేతులు పెట్టి, వెనక్కి తిరక్కుండానే, "పన్నెండేండ్లా?" అన్నాడు. "నాకి సెప్పనే లేదు కదా. కూలోణ్ణి పెట్టినానని జాబు రాయించినావు."

"సెప్తే నువ్వు ఆడ నిద్రపోతావా?" అంది రెడ్డెమ్మ.

నేను దిగి తలుపు పట్టుకున్నాను. "వదినా, నువ్వు ముందుకొచ్చి కూసో. ఆయప్ప ఆ సీటు నీకోసమే తెచ్చినాడు," అన్నాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని ఆమె సందేహించింది. గంగులప్ప అప్పుడు వెనక్కి తిరిగి, "రా, రెడ్డెమ్మా," అన్నాడు. ఆమె కొంగు సర్దుకుని వచ్చి కూర్చుంది. ఆ మిగతా దారంతా నేను వెనక సీట్లో, కువైట్ మేడమ్ కూర్చున్న చోట కూర్చుని, మహా సంతోషపడ్డాను.

ఐదు రోజుల తర్వాత మళ్లీ ఇన్‌స్పెక్టరు ముందుకు వెళ్లాం. ఈసారి రెడ్డెమ్మను ముందు కుడి సీట్లో, ఆయన్ను వెనక నా పక్కన కూర్చోబెట్టాం. ఆయన ముఖంలో నమ్మకం లేదు. అయినా ఎక్కాడు. రెండు లారీలు దాటాక ముందు ఒక వ్యాను. ఎదురుగా కనుచూపు మేర రోడ్డు ఖాళీ. "ఉండు," అంది రెడ్డెమ్మ. గంగులప్ప ఎందుకని అడగలేదు, ఆగాడు.

"రోడ్డు ఖాళీగానే ఉంది కదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆడ పల్లం ఉండాది సార్. దుమ్ము లేస్తాండాది."

ఆయన ఆ మాట పూర్తిగా వినేలోపే పల్లంలోంచి బస్సు పైకి వచ్చి, మమ్మల్ని దాటిపోయింది. ఇన్‌స్పెక్టరు ఇక చాలని బండి వెనక్కి తిప్పమన్నాడు.

దిగాక బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. "రూలు అడిగింది లైట్లు. అవి ఉన్నాయి, పాస్ చేశాను. రూల్లో లేనిది ఒకటి అడుగుతాను. ఆమె పక్కన లేకుండా ఈ బండి తియ్యనని నాకు మాటివ్వాలి," అన్నాడు.

"ఇస్తాండా సార్," అన్నాడు గంగులప్ప.

ఆ తర్వాత వాళ్లు తిరగని చోటు లేదు. కుప్పంలో ఉన్న రెడ్డెమ్మ అక్క ఇంటికి నెలకోసారైనా పోయేవారు. ఆ దారిలో గ్రానైటు రాళ్ల లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. వాటి మధ్య ఆమె చెప్పడం, ఆయన తోలడం. బల్బు మార్చడానికో బ్యాటరీకో నా షాపుకు వచ్చినప్పుడు చూసేవాణ్ణి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవారు, ఒకరి మాటకు ఒకరు అడ్డం వచ్చేవారు. పోనీలే, పదహారేళ్ల బాకీ తీర్చుకుంటున్నారని నవ్వుకునేవాణ్ణి.

బండికి ఏది లేకపోతే అది బిగిస్తానని చెప్పుకోవడం నేను అప్పటి నుంచే మానేశాను. ఎవరైనా పెద్ద బండి తెస్తే, వైర్లు ముట్టుకునే ముందు పక్కన ఎవరు కూర్చుంటారని అడుగుతాను. కొందరు నవ్వుతారు. నవ్వనీ.

2003లో ఒకరోజు గంగులప్ప గోనెసంచిలో బ్యాటరీ పెట్టుకుని బస్సు దిగాడు. అరవై దగ్గరపడిన మనిషి అంత బరువు మోసుకుని రావడం చూసి పరుగెత్తుకెళ్లి అందుకున్నాను.

"కారేదన్నా? పాడైందా?"

"బండి బాగనే ఉండాది. బ్యాటరీ దిగిపోతే ఊర్లో ఇంకో బ్యాటరీ ఇచ్చినారు, స్టార్టు కూడా అయింది. రెడ్డెమ్మ వాళ్లక్కకు బాగలేకపోతే నాలుగు దినాలు కుప్పం పోయింది. అందుకే దీన్ని ఛార్జికి బస్సులో తెస్తి."

ఆ ఇన్‌స్పెక్టరు బదిలీ అయి వెళ్లి ఐదేళ్లు దాటింది. ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు, ఇప్పుడు అడిగేవాడు కూడా లేడు కదా అన్నాను.

"ఆయనకిచ్చిన మాట ఎప్పుడో మర్సిపోతినప్పా," అన్నాడు గంగులప్ప. "ఆయమ్మ లేకుండా ఆ బండిలో కూసుంటే నాకి మళ్లీ కువైట్‌లో ఉన్నట్లుంటాది."