పాత పేరుకి పలకని మనిషి

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. కలకత్తా మురుగు కాలవల్లో ఏళ్ళ తరబడి దిగినవాడికి దయ్యం భయం ఉండదు, గ్యాసు భయం ఉంటుంది. ఇప్పుడు చెప్పేదాన్ని కూడా దయ్యం కథ అనను. ఏమనాలో నాకు తెలియదు.

అప్పటికి ఎర్రజెండా వాళ్ళ రాజ్యం వచ్చి కొన్నేళ్ళయింది. మా ముఠాలో అందరం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళమే. మా అక్క మొగుడూ నేనూ ఒకే ఆదివారం బాప్తిస్మం తీసుకున్నాం. పని రిజిస్టరులో అప్పలస్వామి అని ఉన్న మా బావ ఆ రోజు నుంచి యోహాను అయ్యాడు. నాకు పౌలు అని పెట్టారు.

నాకు ఏ పేరైనా ఒకటే, ఎలా పిలిచినా పలికేవాణ్ణి. బావ పాత పేరుకి తల కూడా తిప్పేవాడు కాదు. "ఆడు నీళ్ళల్లోనే పోయాడు" అనేవాడు. యోహాను అంటే మాత్రం "స్తోత్రం" అని పలికేవాడు.

కాలవ మూత తీశాక మా ముఠా పెద్ద, సర్దారు, అగరొత్తి వెలిగించి, అమ్మవారికి దణ్ణం పెట్టి, అందరికీ బొట్టు పెట్టేవాడు. నేను పెట్టించుకుని, ఇంటికెళ్ళే ముందు తువ్వాలుతో తుడిచేసుకునేవాణ్ణి. బావ పెట్టించుకునేవాడు కాదు. ముఠా అంతా ఆయన్ని చూసి నవ్వేది. నాకు సిగ్గేసేది, ఆయన్ని చూసి కాదు.

వానలు వెలిశాక ఒక పొద్దున్న పెద్ద ఇటుక కాలవలో పూడిక తీయడానికి బావ దిగాడు. లోపల మలుపుంది. తాడు చిక్కుకుంటుందని అక్కడ నడుముకున్నది విప్పేసేవాళ్ళం. అందుకని పైనున్నవాడు మధ్యమధ్యలో పేరు పెట్టి పిలవాలి, లోపలివాడు పలకాలి. పలక్కపోతే వెంటనే ఇంకొకడు దిగాలి. మాకున్న జాగ్రత్త అదొక్కటే.

బావ దిగిన కాసేపటికి సర్దారు "అప్పలస్వామీ" అని పిలిచాడు. పలుకు లేదు. మళ్ళీ పిలిచాడు. లేదు. ఇంకెవరైనా అయితే అప్పుడే దిగేవాళ్ళం. సర్దారు విసుక్కుని నా వైపు తిరిగాడు.

"మీ బావకి పాత పేరు పనికిరాదు గదా. నువ్వు పిలవరా."

వంగి "యోహానూ" అన్నాను. "స్తోత్రం" అని వచ్చింది. బావ గొంతే. కాస్త దూరం నుంచి, స్పష్టంగా వచ్చింది. సర్దారు కూడా విన్నాడు. నేను వెళ్ళి టీ తాగాను.

ఆ తర్వాత చాలాసార్లు పిలిచాను, ప్రతిసారీ పలికాడు. పూడిక పైకి లాగే బకెట్టు మాత్రం ఎంతకీ నిండి రాలేదు. అనుమానం వచ్చి, ఆఖరిసారి పలికిన పది నిమిషాలకి నేనే దిగాను.

మలుపు దాటాక బావ బోర్లా పడి ఉన్నాడు. పైకి తెచ్చి చూస్తే దవడ బిగుసుకుపోయింది, మెడ తిరగలేదు. ఆస్పత్రిలో బెంగాలీ డాక్టరు ప్రాణం పోయి రెండు గంటల పైనే అయిందన్నాడు. పది నిమిషాల కిందటే మాట్లాడాడని నేను వాదించాను. ఆయన నా వైపు జాలిగా చూసి కాగితం రాసుకున్నాడు.

రెండు గంటలంటే సర్దారు మొదట పిలిచిన వేళ. అప్పుడు దిగి ఉంటే కొన ఊపిరైనా దొరికేదేమో.

నీ గొంతే తిరిగొచ్చిందిరా అన్నారు కొందరు. నేనన్నది యోహానూ అని. గోడలు స్తోత్రం అని ఎలా అంటాయి? అమ్మవారికి కోపమొచ్చిందన్నారు ఇంకొందరు. సర్దారు బతికున్నన్నాళ్ళూ ఆ ఊసే ఎత్తలేదు, మళ్ళీ నా నుదుటికి బొట్టు పెట్టబోలేదు. నేనూ పెట్టమని అడగలేదు. అది భక్తో భయమో నాకే తెలియదు. ప్రార్థన గుడిలో ఎవరైనా పౌలూ అని పిలిస్తే ఇప్పటికీ వెంటనే పలకలేను.

అక్కకి ఆ గొంతే ఆసరా. ముసలిదైపోయింది, ఐనా ఆదివారం గుడి నుంచి వచ్చేటప్పుడు అడుగుతూనే ఉంటుంది.

"తమ్ముడూ, నువ్వు పిలిస్తే పలికినాడు గదా?"

"పలికాడక్కా."

"సచ్చినా మాట తప్పనేదు మీ బావ" అని కళ్ళు తుడుచుకుంటుంది.

నేను చెప్పేది అబద్ధం కాదు. ఆ గొంతు వినబట్టే నేను దిగకుండా పైన ఉండిపోయానని మాత్రం ఆవిడతో అనలేదు. అది ఎవరి గొంతో తెలిసిన రోజున అంటాను.