వదిన సంచిలో సీసా

మా వదిన దోమల నివారణ ఉద్యోగిని. ఇంటింటికీ వెళ్లి నీళ్ల తొట్లలోకి తొంగిచూడటం ఆమె పని. ఎంత చెప్పినా చెవికెక్కని వాళ్లకు చూపించడానికి సంచిలో ఒక సీసా పెట్టుకునేది. అందులో దోమ పురుగులు లుకలుకలాడుతుండేవి. "వీటికి రెక్కలొచ్చాయంటే మీ కొంప మునిగినట్టే!" అని గదమాయించేది.

అన్నయ్య డెంగీతో మంచం పట్టాక మూడు రోజులు సెలవు పెట్టింది. సంచి ఊసే మరిచింది. నాలుగో రోజు పొద్దున సీసా తీసి చూస్తే మూతికి కట్టిన గుడ్డ లేదు. నీళ్ల మీద పురుగులు వదిలిన పొట్టు తేలుతోంది. ఒక్క పురుగూ లేదు.

వదిన అన్నయ్య గదిలోకి పరుగెత్తింది. అన్నయ్య దోమతెర తీసేసి పడుకున్నాడు. పక్కనే వాళ్ల ఐదేళ్ల పాప మోచెయ్యి గోక్కుంటూ కూర్చుంది.

"కోప్పడకమ్మా. పాపం, వాటికి ఊపిరాడదని గుడ్డ నేనే విప్పేశాను," అంది పాప.