మేస్త్రీ గారు వేసిన శిక్ష

తాడేపల్లిగూడెంలో మా అబ్బాయి కొట్టు గుమ్మం తొక్కగానే ముందు వార్నీషు వాసన తగులుతుంది. కాలిపోయిన మోటార్లకి కొత్తగా రాగి తీగ చుట్టి, వార్నీషు పట్టించి, బల్బు వేడికి ఆరబెడతారు. ఘాటైన వాసన. కొత్తవాళ్ళు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. నేను మటుకు అక్కడే నిలబడి గుండెల నిండా పీల్చుకుంటాను. "మా అత్తయ్య గారికి అగరొత్తులు అక్కర్లేదండి, ఇది చాలు" అని మా కోడలు వచ్చినవాళ్ళందరితో చెప్పి నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. ఆ వాసనలో నాకు కరీముల్లా మేస్త్రీ గారు కనబడతారు. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. సంతకం ఒక్కటే వచ్చినదాన్ని, అందుకని నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా అబ్బాయి సంగతి ఇందులో చాలా ఉంది. వాణ్ణి అడిగే చెబుతున్నాను. "అంతా చెప్పమ్మా, ఏదీ దాచకు" అన్నాడు.

మా ఊరు గణపవరం అవతల, కొల్లేటి వైపు. మా కొండలు నాకు ఒక్కడే కొడుకు. వాడికి పన్నెండో ఏట వాళ్ళ నాన్న ఐసు లారీ మీద నుంచి జారిపడి పోయాడు. నేను చేపల చెరువుల దగ్గర ప్యాకింగుకి వెళ్ళేదాన్ని. పట్టిన చేపల్ని ట్రేలలో పేర్చి, మీద ఐసు పోసి లారీకి ఎక్కించే పని. చీకటితో పోతే పొద్దు వాలాక ఇల్లు. ఒకరోజు వచ్చేసరికి పెరట్లో నీళ్ళ తొట్టిలో బొచ్చె చేప ఉంది. మూడు కేజీలు తూగుతుంది. వాడు నా మొహం వంక చూశాడు. నేను తొట్టి వంక చూశాను. "ఎక్కడిదిరా?" అని అడగలేదు. అడిగితే ఇక వండటానికి ఉండదని నాకు తెలుసు. చింతపండు నానేశాను. ఇద్దరం తిన్నాం.

అక్కడ మొదలైంది. తరవాత చెరువు గట్టు మీద నుంచి తవుడు బస్తా మాయమైంది, ఎవరి గేదెలకో అమ్మాడట. ఆ తరవాత ట్రాక్టరు బ్యాటరీ. ఒకసారి దొరికి చెంపదెబ్బలు తిన్నాడు. ఇంకోసారి దొరికితే నేను కాళ్ళు పట్టుకుని విడిపించుకొచ్చాను. దెబ్బ తిన్నప్పుడు నాలుగు రోజులు ఊరుకునేవాడు. నేను విడిపించుకొచ్చినప్పుడు ఆ నాలుగు రోజులు కూడా ఊరుకోలేదు. కొల్లేట్లో సర్కారు వాళ్ళు చెరువుల గట్లు కొట్టించారు చూడండి, దానికి రెండేళ్ళ ముందు సంగతి ఇది. వాడికి పదహారు నిండాయి.

ఆ వర్షాకాలంలో సూరిబాబు గారి చెరువు మీద మోటారు పోయింది. సూరిబాబు గారంటే మా ఊళ్ళో చెరువు ఆసామి. నేను పని చేసేది ఆయన దగ్గరే. మధ్యాహ్నం కాపలా మనిషి అన్నానికి వెళ్ళి వచ్చేలోగా మోటారు విప్పి, కడుపులో ఉన్న రాగి తీగంతా కోసుకుని, డొల్లని గుర్రపుడెక్కలో పడేసి పోయారు. ఆ తెల్లవారి మబ్బు పట్టింది. మబ్బు పట్టిన పొద్దున చేపకి గాలి ఆడదు. నోళ్ళు తెరుచుకుని నీళ్ళ మీదకి వచ్చేస్తాయి. వెంటనే మోటారు వేసి కొత్త నీళ్ళు కొట్టాలి. కొట్టడానికి మోటారు ఏదీ? పక్క చెరువు నుంచి ఇంజను తెచ్చేసరికి సగం చేప తేలిపోయింది. ఆ తెల్లటి పొట్టల్ని బుట్టలతో ఎత్తి ఒడ్డున పోసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ పని ఎవడు చేశాడో నాకు అప్పటికి తెలియదని చెప్పను.

మూడో రోజున కరీముల్లా మేస్త్రీ గారు మోపెడు మీద మా ఇంటికి వచ్చారు. గణపవరంలో ఆయనది మోటారు వైండింగు కొట్టు. తెల్ల గడ్డం, ముక్కు చివర కళ్ళద్దాలు. మా చుట్టుపక్కల చెరువుల మోటార్లన్నీ ఆయన చేతి మీదవే. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు. తాగాక సంచిలోంచి ఒక రాగి చుట్ట తీసి నా ముందు పెట్టారు. "మీ అబ్బాయి దీన్ని మా పక్క పాతసామాన్ల కొట్లో అమ్మాడు చెల్లెమ్మా" అన్నారు.

"రాగి ఎవరి దగ్గరైనా ఉంటుందండి. మా వాడిదేనని ఏంటండీ?" అన్నాను. చూశారా నా నోరు!

ఆయన కోప్పడలేదు. చుట్ట చివర తెల్ల నూలు దారం ముడి చూపించారు. "రెండు మెలికలు ముందుకి, మూడోది వెనక్కి. మా నాన్న వేసే ముడి ఇది. నేను తప్ప ఇంకెవరూ వెయ్యరు. పోయిన నెలే సూరిబాబు గారి మోటారుకి వేశాను. పిచ్చి వెధవ, చుట్టినవాడి పక్క కొట్టుకే తీసుకొచ్చి అమ్మాడు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాళ్ళ మీద పడబోయాను. "లేవండి, ఇది మీరు చేసిన పని కాదు" అని, ఒక్క క్షణం ఆగి, "కొంత మీదీ ఉందేమో. మొదటిది ఏం తెచ్చాడు ఇంటికి?" అని అడిగారు.

అన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "చేపండి" అన్నాను.

"ఎవరు వండారు?"

ఆయన తాగిన గ్లాసు తీసి కడగడానికి లేచాను. ఆయన చెప్పించుకోలేదు.

పాతసామాన్ల కొట్టు నుంచి సంగతి అప్పటికే ఊళ్ళోకి పాకింది. సూరిబాబు గారు ఆ సాయంత్రమే కేసు పెడతానంటున్నారు. ఊళ్ళో కుర్రాళ్ళు స్తంభానికి కట్టి కొడదామంటున్నారు. పోలీసులైతే నయమా, స్తంభమైతే నయమా అని నేను లోపల బేరం ఆడుకుంటున్నాను. మేస్త్రీ గారు అప్పుడు వాళ్ళ తమ్ముడి సంగతి చెప్పారు. చిన్నప్పుడు ఏలూరులో ఎవరిదో సైకిలు బెల్లు తీశాడట. బజార్లో చొక్కా విప్పించి కొట్టారట. "ఆ రోజుతో వాడికి భయం పోయింది చెల్లెమ్మా. బెల్లుకే ఇంత చేశారు, సైకిలుకైనా ఇంతేగా అనుకున్నాడు. సైకిలే తీశాడు. ఆ తరవాత వాడు మాకు దక్కలేదు. శిక్ష ఎక్కువ వేసినా పిల్లాడు పోతాడు, అసలు వెయ్యకపోయినా పోతాడు. చేసిన పనికి సరిపడా వెయ్యాలి. దానికి ఒక చివరి రోజు ఉండాలి." మా కొండలు లోపల గదిలోంచి వింటూనే ఉన్నాడు. "రారా బయటికి, చెప్పులేసుకో" అన్నారు.

సూరిబాబు గారి వాకిట్లో నలుగురం నిలబడ్డాం. ఆయన మొహం ఎర్రగా ఉంది. "మేస్త్రీ గారూ, మీరు పెద్దవారు, దీంట్లోకి రాకండి. వీడు ఇవాళ మోటారు, రేపు ఇల్లు" అన్నారు. మేస్త్రీ గారు నా వంక చూశారు. ఎందుకు చూశారో తెలిసింది.

"మొదటిది చేపండి సూరిబాబు గారూ. మీ చెరువులోదే. నేనే వండానండి" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "ఏ చేప? శీలావతా, బొచ్చా?"

"బొచ్చండి."

"ఎన్ని కేజీలు?"

"మూడుంటుందండి."

"పులుసు ఎలా కుదిరింది?"

"ఉప్పెక్కువైందండి" అన్నాను ఏడుస్తూ. నిజమే, ఆ రోజు ధ్యాస ఎటో పోయి రెండుసార్లు వేశాను. సూరిబాబు గారు ఫక్కున నవ్వేశారు. వాకిట్లోకి వచ్చిన ఆయన భార్య కూడా నవ్వింది. నవ్వినంత మాత్రాన కోపం పోతుందా? పోలేదు. కానీ కుర్చీలో కూర్చున్నారు. "సరే, ఏం చేద్దామంటారు?" అని అడిగారు.

మేస్త్రీ గారు చెప్పింది ఇది. వాడు కోసిన మోటారుని వాడే మళ్ళీ చుట్టాలి. పగలు ఆయన కొట్లో పని. తెల్లవారుజామున చెరువు గట్టు మీద ఉండి, చేప నోరు తెరుస్తోందేమో చూసి మోటారు వెయ్యాలి. చుట్టేది తయారయ్యేదాకా తన కొట్లో మోటారు ఒకటి ఇస్తానన్నారు. ఈ చెరువులో చేప పెరిగి, వల లాగి పట్టుబడి అయ్యేదాకా, ఒక్కరోజు మానకుండా. ఎవరూ చెయ్యి చేసుకోకూడదు. పట్టుబడి రోజుతో సరి, ఆ తరవాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. ఇందులో ఏది తప్పినా కేసు పెట్టుకోవచ్చు, తనే వచ్చి సాక్ష్యం చెబుతానన్నారు.

"దొంగ చేతికి మోటారు తాళమా!" అన్నారు సూరిబాబు గారు.

"అదేనండి శిక్ష" అన్నారు మేస్త్రీ గారు.

నాతో ఆయన చెప్పింది ఒక్కటే. "వాడు ఏడ్చినా మీరు మధ్యలోకి రాకూడదు." అది నాకు వేసిన శిక్ష అని తరవాత తెలిసింది. చేతులు కాల్చుకుని వచ్చేవాడు. తీగ లాగి లాగి వేళ్ళ మధ్య చర్మం చీరుకుపోయేది. కొబ్బరినూనె రాస్తూ నోరు నొక్కుకునేదాన్ని. నెల తిరిగేసరికి మోటారు చుట్టడం అయిందన్నాడు. స్విచ్చి వేశారు. కాసేపు మూలిగి, పొగ వచ్చింది. త్వరగా వదిలించుకుందామని వీడు మోటారు లోపల తీగ కూర్చే ఒక్కో గాడిలో కొన్ని చుట్లు ఎగ్గొట్టాడు. మేస్త్రీ గారు పల్లెత్తు మాట అనలేదట. "మొత్తం విప్పు, మొదటి నుంచి" అన్నారట. అంతే. వీడు సగంలో వదిలేసి ఇంటికొచ్చి మంచమెక్కాడు.

"నేను వెళ్ళనమ్మా. కేసు పెట్టుకోమను. జైల్లో అయితే కూర్చోబెట్టి అన్నం పెడతారు" అన్నాడు.

వాడు పుండ్లుపడిన చేతులు చూపిస్తున్నాడు. మానిపించేద్దామని ఎంత అనిపించిందో! మా చింతలపూడి అన్నయ్య ఉన్నాడు, పామాయిలు తోటల్లో పనికి పంపేస్తే ఎవరికి తెలుస్తుంది? మూట కట్టడానికి చీర కూడా పరిచాను. ఆ చీర మీద వాడి చొక్కా పెడుతుంటే, తొట్టిలో చేప గుర్తొచ్చింది. అప్పుడూ ఇంతే, అడగాల్సింది అడగలేదు. చీర మడిచేసి, "లే, చెప్పులేసుకో" అన్నాను. మేస్త్రీ గారి మాటే నా నోట వచ్చింది.

ఇద్దరం గణపవరం బస్సెక్కాం. కొట్టు ముందు దిగాక మేస్త్రీ గారు నన్ను చూసి, "లోపలికి రావద్దు చెల్లెమ్మా" అన్నారు. స్టూలు తెచ్చి బయట వేసి, టీ తెప్పించారు. వాడు తలొంచుకుని లోపలికి వెళ్ళి, కాలిన తీగ విప్పడం మొదలుపెట్టాడు. నేను చల్లారిపోయిన టీ పట్టుకుని అలాగే కూర్చున్నాను. విప్పడం అయి కొత్త తీగ పట్టాడేమో, లోపల నుంచి వాడి గొంతు వినపడింది. ఒకటి, రెండు, మూడు... చుట్లు పైకి లెక్కపెట్టుకుంటున్నాడు. అప్పుడు తాగాను ఆ టీ.

ఈసారి స్విచ్చి వేస్తే మోటారు పొగ లేకుండా తిరిగింది. పట్టుబడి రోజు గట్టు మీద ఊరంతా ఉంది. వల లాగి, లారీ నిండాక, పనిచేసిన వాళ్ళకి తలా ఒక కూర చేప ఇవ్వడం మా దగ్గర అలవాటు. సూరిబాబు గారు మొదటి చేప తీసి, "కొండలూ!" అని పిలిచారు. వాడు రెండు చేతులా అందుకున్నాడు. "బొచ్చేరా. ఈసారి ఉప్పు చూసి వెయ్యమను మీ అమ్మని" అన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. మేస్త్రీ గారు మోపెడు దిగి వచ్చి, అందరూ వినేలా, "ఇవాళ్టితో వీడిది అయిపోయిందండి" అన్నారు.

ఆ మాట గట్టిదో కాదో ఆ వేసవిలో తెలిసింది. ఎవరిదో చెరువు మీద బ్యాటరీ కనబడలేదు. నలుగురు మా గుమ్మం ముందుకి వచ్చేశారు. సూరిబాబు గారు ఆ దారిన పోతూ బండి ఆపారు. "వాడిది అయిపోయింది కదా, ఇక్కడేం పని మీకు? వెళ్ళి ఛార్జింగు కొట్లో అడగండి" అన్నారు. అది ఛార్జింగు కొట్లోనే ఉంది, పెట్టినవాడే మరిచిపోయాడు. ఆ రోజు నేను తలుపు వేసుకుని పడుకుని, మా ఆయన పోయినప్పటి నుంచి పట్టని నిద్ర పోయాను.

మేస్త్రీ గారు ఇప్పుడు లేరు. మా కొండలు ఏ మోటారు చుట్టినా చివర తెల్ల దారం ముడి వేస్తాడు, రెండు ముందుకి, ఒకటి వెనక్కి. పని నేర్చుకునే పిల్లలకి తన దొంగతనం తనే చెబుతాడు. నాకు ముడి రాదు. నా దగ్గర ఉన్నవి ఆయన ఇచ్చిన రెండు మాటలే. ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే "ఎక్కడిది?" అని అడుగుతాను. తేలాక "అయిపోయింది" అంటాను. పోయినేడు ఈ రాస్తున్న మనవరాలే బళ్ళోంచి వేరే పిల్ల జామెట్రీ పెట్టె తెచ్చింది. చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి తీసుకెళ్ళాను. తన నోటితో చెప్పి, తన చేత్తో ఇచ్చి, నెల్లాళ్ళు ఆ పిల్లకి రికార్డు బొమ్మలు గీసి పెట్టింది. ఆఖరి బొమ్మ రోజు ఇద్దరం పుణుకులు కొనుక్కుని తిన్నాం.

"ఇది రాయకులేవే, కొట్టెయ్" అన్నాను ఇప్పుడు.

తల కూడా ఎత్తలేదు. "అయిపోయిందిగా నానమ్మా" అని రాసేసుకుంటోంది.