బోర్డెక్కిన అమ్మ మాట

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం అన్నం వేళయిందంటే జగ్గయ్యపేటలో మా వీధంతా మా అమ్మ గొంతే. నాన్నది బజార్లో కిరాణా కొట్టు, పాతకాలం వీశెల తూకపు రాళ్ళు ఇంకా ఓ మూల పడుండేవి. బేరం తగిలిందంటే ఆయనకి ఆకలి కూడా గుర్తుండేది కాదు. అమ్మ చూసి చూసి, ఇక వంటింట్లోంచే మొదలుపెట్టేది.

"కొట్లో కూర్చున్నారంటే అయిదు వీశెల రాయిలాగా కదలరు గదా మీ నాన్న! పోయి పిల్చుకురావే!"

ఇంకో పక్క మా తమ్ముడు. మజ్జిగ ఎంత పోసినా ఇంకా ఇంకా అనేవాడు. "ఎండాకాలం మునేటి ఇసకలాగా ఎంత పోస్తే అంత పీలుస్తావేందిరా!" అని మా వైపు ఏరు పేరు పెట్టి వాడికీ పడేవి. వాడు నవ్వుతూ గ్లాసు చాపేవాడు, ఆవిడ తిడుతూనే పోసేది. ఆ తిట్లు మాకు తాలింపు ఘాటులాంటివి... తుమ్మేవాళ్ళం గానీ వద్దనేవాళ్ళం కాదు.

మా ఇంటి వీధివైపు గదిలో మా బడి తెలుగు మాస్టారు అద్దెకుండేవారు. నందిగామ ఆయన. ఇంకా పెళ్ళికాలేదు. శనివారం బడి అవగానే బస్సెక్కి ఊరెళ్ళి, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేవారు. చాలా మంచివారు... ఆ మంచితనమే మా కొంప ముంచింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అలంకారాలు మొదలుపెట్టారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం... అంటే దేన్ని పోలుస్తున్నాం, దేనితో పోలుస్తున్నాం, రెంటికీ ఏం కలిసింది, కలిపే మాటేది. నాలుగూ గడగడా అప్పజెప్పేవాళ్ళం. ఉదాహరణ చెప్పమంటే మాత్రం ముఖం, చంద్రబింబం... అది దాటి ఒక్కరికీ ఇంకోటి తోచేది కాదు.

మాస్టారికి విసుగొచ్చింది. "ఆ చంద్రుణ్ణి ఇక వదిలెయ్యండిరా. నిన్న ఒక ఇల్లాలి నోట విన్నాను, ఎంత చక్కటి ఉపమో చూడండి" అంటూ బోర్డు మీద రాశారు... 'ఆయన అయిదు వీశెల రాయిలాగా కదలడు.'

నేను తల పుస్తకంలో దూర్చేశాను.

"ఆయన ఉపమేయం. రాయి ఉపమానం. కదలకపోవడం సమానధర్మం. లాగా అన్నది ఉపమావాచకం" అని ఒక్కో మాట కింద గీత గీస్తూ మురిసిపోతున్నారు. మాస్టారు ఎవరింట్లో ఉంటారో తెలియని పిల్లలు ఆ తరగతిలో లేరు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "ఆయనంటే ఎవరండి?" అన్నాడు. అప్పటికే తలలన్నీ నా వైపు తిరిగాయి. ఒకటే నవ్వులు! మాస్టారు మాత్రం ఉదాహరణ అందరికీ నచ్చిందనుకున్నారు, పాపం. ఆ ఊపులో మునేటి ఇసక కూడా రాశారు.

సిగ్గుతో చచ్చిపోయాను. విచిత్రం ఏమిటంటే, నాకు కోపం వచ్చింది మాస్టారి మీద కాదు, అమ్మ మీద. అందరి అమ్మల్లా నెమ్మదిగా మాట్లాడొచ్చుగా అని...

కొద్దిరోజుల్లోనే ఆ మాట కొట్టుదాకా పాకింది. ఎవరో కుర్రాడు వచ్చి "వీశెల రాయిగారూ, బెల్లం ఇవ్వండి" అన్నాడట. ఆ మధ్యాహ్నం నాన్న పిలవకుండానే అన్నానికొచ్చారు. కేకలేమీ లేవు. పప్పు కలుపుకుంటూ, "నీ మాటలు బళ్ళో పాఠం చెబుతున్నారంట" అన్నారు, అంతే.

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి, "ఏం మాటలు?" అంది. నాన్న ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అమ్మ నా వైపు చూసింది. బోర్డు మీద రాసింది చెప్పాను. ఆవిడ మొహం కందిపోయింది. మాస్టారి ముందూ, ముక్కూమొహం తెలియని పిల్లల ముందూ మొగుణ్ణి తిట్టిన మనిషైపోయింది కదా!

సంగతి తెలిసి సాయంత్రం మాస్టారు మా గడప దగ్గరకొచ్చి నిలబడ్డారు. అమ్మ తలుపు వెనకుంది.

"తప్పయిపోయిందండి అమ్మగారూ. పుస్తకాల్లో దొరకని పోలిక మీ నోట దొరికిందని గొప్పగానే చెప్పానండి. పేరు చెప్పలేదు గదా, ఎవరికీ తెలియదనుకున్నా..." అన్నారు.

అమ్మ ఆయనతో మాట్లాడలేదు. నాతో అంది. "ఆయనకి చెప్పవే... అవి మా ఇంట్లో మాలో మేం అనుకునే మాటలు. బోర్డు మీద రాయడానికి కాదు."

నేను చెప్పక్కర్లేకపోయింది. ఆ శనివారం ఆయన ట్రంకుపెట్టెతో సహా నందిగామ బస్సెక్కారు. తిరిగొచ్చి వేరే వీధిలో గది చూసుకున్నారు. తరగతిలో మళ్ళీ చంద్రబింబమే.

అమ్మ గొంతు కూడా ఆరోజుతో తగ్గిపోయింది. "అన్నం చల్లారిపోతోందని చెప్పిరావే" అని మెల్లగా నన్ను కొట్టుకి పంపేది. తమ్ముడు మజ్జిగ అడిగితే మాట్లాడకుండా పోసేది. తిడుతుందేమోనని వాడు కావాలని మళ్ళీ మళ్ళీ అడిగేవాడు. తిట్టేది కాదు. నాన్న కూడా కావాలనే ఆలస్యంగా వచ్చేవారని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది.

ఆ ఏడు పరీక్షలో ఉపమాలంకారానికి ఉదాహరణ రాయమన్నారు. అమ్మ మాట కలం దాకా వచ్చింది... చంద్రబింబమే రాశాను. మంచి మార్కులే వచ్చాయి. వాటిని అమ్మకి చూపించడానికి నాకు మొహం చెల్లలేదు.

తరగతిలో అందరూ నవ్వారన్న సిగ్గు ఎప్పుడో పోయింది. మా అమ్మ గొంతు విని సిగ్గుపడ్డాను చూడండి... ఆ సిగ్గు మాత్రం ఈ వయసులోనూ పోలేదు. ఆవిడ చివరిదాకా నెమ్మదిగానే మాట్లాడింది. దగ్గరికెళ్ళి కూర్చుంటేగానీ వినబడేది కాదు.

ఇప్పుడు మా ఇంట్లో కోపమొస్తే ఫోన్లో ఒక ఎర్రమొహం బొమ్మ పంపి ఊరుకుంటున్నారు. ఇంటిల్లిపాదికీ అదే బొమ్మ...

మీ అమ్మగారి తిట్టు ఒకటి గుర్తుంటే కింద రాయండి. ఆవిడ ఉంటే మాత్రం అడిగి రాయండి. నేను మా అమ్మవి రెండు రాసేశాను, అడగడానికి ఆవిడ లేదు... నన్ను తిట్టినవి మాత్రం రాయను. అవి మా ఇంట్లోవి.