ఇంటింటికీ మూడో జ్వరం

ఆ రోజుల్లో ఒక మాటకు ఒకే అర్థం ఉంటుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. తమిళనాడులోని ధర్మపురి టౌనులో బట్టల కొట్టువాళ్ల ఇంట్లో పుట్టి, ఇంట్లో తెలుగూ గడప దాటితే తమిళమూ మాట్లాడుతూ పెరిగాను కాబట్టి రెండు భాషలూ నాకు కొట్టినపిండి అని గర్వం కూడా ఉండేది. కాలేజీ చదువు అయిన ఏడాది, డెంగీ కాలంలో, నాకు తాత్కాలికంగా ఒక పని దొరికింది. ఇంటింటికీ తిరిగి తొట్లలో నీళ్లు చూడాలి, ఎవరికైనా జ్వరం ఉందేమో అడగాలి, ఫైల్లో రాయాలి. "నీకు తెలుగు వచ్చు కదా" అని నన్ను తుంబలహళ్లి వైపు పల్లెలకు వేశారు. (మాట్లాడటం మాత్రమే వచ్చు. ఈ అక్షరాలు నేర్చుకున్నది పెళ్లయ్యాక, ఫోను చూసి.) మా పై అధికారి ఎండైనా వానైనా తల మీది టోపీ తీసేవాడు కాదు. ఆయన లేనప్పుడు మాకందరికీ ఆయన టోపీ సార్.

మొదటి రోజు మాకు నేర్పిన ప్రశ్న చాలా పొడుగు: "మీ ఇంట్లో ఎవరికైనా గత పదిహేను రోజులలో జ్వరం వచ్చిందా?" వందో ఇంటికి చేరేసరికి అది అరిగి అరిగి "ఇంట్లో జ్వరమా?" అని మాత్రమే మిగిలింది. ఆ అరిగిన ప్రశ్నతోనే ఒక పొద్దున ఒక చిన్న పల్లెలో మొదటి ఇంటి ముందు నిలబడ్డాను. పంచలో ఒక అవ్వ అనపకాయలు ఒలుస్తూ ఉంది. నా మెడలో వేలాడే కార్డునూ చేతిలోని ఫైలునూ చూసి మర్యాదగా లేచింది.

"ఇంట్లో జ్వరమా, అవ్వా?"

"అవును పాపా. మూడో జ్వరం. నిన్న పడినాయి."

రెండు జ్వరాలు అప్పటికే అయిపోయాయట. ఇంకా నాలుగోది రావాలట, అది కూడా గట్టెక్కితే సగం భయం తీరినట్టేనట. ఎంతమందికి అని అడిగితే అన్నిటికీ అంది. (అందరికీ అనాల్సిన చోట అన్నిటికీ అంటోంది, పల్లె మాట కదా అని పెద్ద మనసుతో క్షమించాను.) ఏమైనా తింటున్నారా అంటే, జ్వరంలో ఎట్ల తింటాయి, తల పైకెత్తుకొని కదలకుండా ఉండాయి అంది. మందేమిచ్చారంటే సున్నం చల్లినామంది. లోపలికి పోయి చూస్తానంటే మాత్రం అడ్డం నిలబడింది. జ్వరంలో ఉన్నప్పుడు బయటివాళ్లు పోకూడదు, ఆఫీసు సారు వస్తే ఆయనే చూసుకుంటాడు అని తేల్చి చెప్పింది. పక్కింట్లోనూ ఇదే, ఎదురింట్లోనూ ఇదే. వీధి మొత్తానికి ఒకే రోజు పడిందట.

నేను వీధి చివరకు పోయి టోపీ సార్‌కు ఫోను చేశాను. జ్వరాన్ని శ్రద్ధగా కాయ్చల్ అని తమిళంలోకి మార్చాను. వీధి అంతా కాయ్చల్, మూడో విడత, మెడలు బిగుసుకుపోయాయి, అన్నం ముట్టడం లేదు, రోగుల మీద సున్నం చల్లుతున్నారు, లోపలికి రానివ్వడం లేదు. ఆయన పల్లె పేరు మళ్లీ చెప్పించుకున్నాడు. తరువాత, అక్కడే ఉండు, దేన్నీ తాకకు అన్నాడు.

గంట తిరక్కుండా జీపు వచ్చింది. ముఖానికి గుడ్డ కట్టుకున్న డాక్టరమ్మ, టోపీ సార్, వెనుక దోమల పొగ మిషన్లు మోస్తూ ఇద్దరు మనుషులు. నేను కొంచెం గొప్పగానే ముందుకు నడిచాను. మిషను భగ్గుమని మొదలయ్యేసరికి అవ్వ ఒళ్లోని అనపకాయలు నేల మీద పోసేసి, చేతులు చాచి, వీధికి అడ్డంగా పరుగెత్తుకొచ్చింది.

"ఆ పొగ రవ్వంత తగిలినా అన్నీ చచ్చిపోతాయి పాపా. మేము ఏం చేసినామని?"

ఎవరు చచ్చిపోతారని డాక్టరమ్మ తమిళంలో అడిగింది. నేను తెలుగులో అడిగాను. అవ్వ నా చెయ్యి పట్టుకొని, చెప్పులు విప్పించి, తలుపు కొంచెం తెరిచింది. లోపల వెదురు తట్టలు వరసగా ఉన్నాయి. వాటిలో మల్బరీ ఆకుల మధ్య తెల్లటి పట్టుపురుగులు వేలకొద్దీ, ఒక్కటీ కదలకుండా, అన్నీ తలలు పైకెత్తి ఉన్నాయి. వాటి మీద సన్నగా సున్నం. ఆఫీసు సారంటే పట్టుపరిశ్రమ ఆఫీసాయనట. పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కునే ముందు పురుగు అలా మేత మాని నిలిచిపోతుందట. వాళ్ల సాగులో దాని పేరు జ్వరం.

వెనక్కు తిరిగేసరికి పొగ వీధి చివర నుంచి ఇళ్ల వైపు వస్తోంది. చెప్పులు లేకుండానే పరుగెత్తాను. ఆపండి అని అరిచినా మిషను మోతలో వినబడలేదు. మోస్తున్న మనిషి భుజం పట్టుకొని బలంగా అటు తిప్పేశాను. అటు ఖాళీ పొలమే ఉందనుకున్నాను. పొలం ముందు టోపీ సార్ ఉన్నాడు. కాసేపు టోపీ కూడా కనబడలేదు.

పొగ విడిపోయాక అందరూ నా వైపు చూశారు. నేను తమిళంలో సంగతి చెప్పాను. డాక్టరమ్మ ముఖం మీది గుడ్డ తీసి, గోడకు ఆనుకొని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. టోపీ సార్ నవ్వలేదు. దగ్గుతూనే, రేపటినుంచి నువ్వు రానక్కరలేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంట్లో ఏమని చెప్పాలో తెలియక నేను నేల చూస్తూ నిలబడిపోయాను. అప్పుడు అవ్వ ముందుకు వచ్చింది.

"పాపను ఏమీ అనొద్దు సారూ. ఆ పాప అడిగింది జ్వరం, నేను చెప్పింది జ్వరం. ఇద్దరమూ అబద్ధం చెప్పలేదు."

దాన్ని తమిళంలో చెప్పాల్సినదాన్ని నేనే. (చెప్పాను. చివర "చాలా మంచి పిల్ల" అని నేను కలిపిన సంగతి అవ్వకు తెలియదు.) టోపీ సార్ నా ఫైలు లాక్కుని, ప్రశ్న పక్కన తన చేత్తో తమిళంలో "మనుషులకు" అని రాసి, తిరిగి ఇచ్చాడు. ఆ సీజను అయిపోయేదాకా నేను ఇల్లిల్లూ తిరిగి "ఇంట్లో మనుషులకు జ్వరమా?" అని అడిగాను. టౌనులో చాలామంది నన్ను ఒకలా చూశారు.

ఆ పురుగులు నాలుగో జ్వరమూ దాటి చక్కగా గూళ్లు కట్టాయని తరువాత తెలిసింది. ఇప్పుడు నేనే కొత్త పిల్లలకు పని నేర్పే వయసుకు వచ్చాను. ఎవరేమి చెప్పినా మూడుసార్లు అడిగి, అర్థం సరిచూసుకొని, అప్పుడు రాస్తాను. తప్పులు దాదాపు లేవు. పనిలో ఎప్పుడూ పరుగెత్తాల్సిన అవసరమూ రాలేదు. కానీ చెప్పులు మరిచి, నోరు తెరుచుకుని, ఒక వీధిని కాపాడటానికి దౌడు తీసిన ఆ తెలివితక్కువ పిల్ల గుర్తొస్తే, ఈ జాగ్రత్తపరురాలి పక్కన కన్నా ఆమె పక్కన కూర్చోవడమే నాకు ఇష్టమనిపిస్తుంది.